ఉప్పు చప్పుడు ఆగేదాకా

ఉప్పు వేడెక్కితే చప్పుడు చేస్తుందని యాభై రెండేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. మార్చి నెల, తెల్లవారుజాము నాలుగున్నర. నెల్లూరు జిల్లా అల్లూరు మండలం ఇసకపల్లిలో మా అక్కావాళ్ల వెనక వసారా. గ్యాసు పొయ్యి మీద పాత సత్తు డేక్సా, దాని అడుగున రెండు వేళ్ల మందాన రాళ్లుప్పు. పదో తరగతి పరీక్షలు రాస్తున్న మా మేనకోడలు ఫిజికల్ సైన్స్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చదవకుండా, తల కాస్త పక్కకి వంచి వింటోంది. డేక్సాలో ఆవాలు చిట్లినట్టు చిటపటలు. ఏం మాడిపోతోందో చూద్దామని మూత మీద చెయ్యి వేశాను.

"తియ్యమాక మామా. ఇంకా నీళ్లుండాయి దాంట్లో."

ఉప్పులో నీళ్లేమిటి అనుకుంటూనే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాసేపటికి చిటపటలు పల్చబడ్డాయి. తర్వాత ఒకటీ అరా. తర్వాత అదీ లేదు. దూరంగా సముద్రం హోరు వినిపించింది. అది అంతసేపూ ఉన్నదే, ఉప్పు ఊరుకున్నాక గానీ నా చెవిన పడలేదు. అప్పుడు పిల్ల పుస్తకం బోర్లించి లేచి, పిండి గిన్నె అందుకుంది.

అల్లూరులో పరీక్ష సెంటరు. బస్సుల్నీ ఆటోల్నీ నమ్ముకోలేక, బండి మీద దించి తీసుకొచ్చే పని మా అక్క నాకు అప్పజెప్పింది. అట్లా రెండు వారాలు ఆ ఇంట్లో ఉన్నాను. పేపరుకీ పేపరుకీ మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా ఈ పిల్ల కేకు చేస్తుంది. చదువు మానేసి చేస్తుందా అంటే, అదీ కాదు. "నాలుగింటికి నువ్వు లేపితే లేచి కూర్చుని తూగుతా. కేకు పనుంటే తూగను" అని వాళ్లమ్మతో బేరం పెట్టుకుంది. బేరంలో నిజం ఎంతో నాకు తెలియదు. నేను చూసింది మాత్రం చేతిపని. దాని గురించి రాయడానికే ఈ నాలుగు మాటలు.

కేకు మన వంటింటికి ఆలస్యంగా వచ్చిన చుట్టం. మనకి ఆవిరి ఉంది, నూనె మూకుడు ఉంది, అట్ల పెనం ఉంది, మూత మీద నిప్పులేసే దమ్ము ఉంది. నాలుగు వైపుల నుంచీ పొడి వేడి చుట్టుకునే పెట్టె మాత్రం లేదు. 1883లో కేరళ తలశ్శేరిలో మాంబళ్లి బాపు అనే ఆయన, ఒక దొర తెచ్చిచ్చిన నమూనా చూసి క్రిస్మస్ కేకు చేశాడనీ, ఈ దేశంలో అదే మొదటిదనీ చెబుతారు. ఆయనకి బిస్కెట్ల బట్టీ ఉంది. మనం మాత్రం పుట్టినరోజు వస్తే బేకరీకి పోయి అట్టపెట్టె తెచ్చుకున్నాం, అంతే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి బేకరీలు మూతపడ్డాక ఇంటింటా కేకు కోసం కుక్కర్లో ఇసుక పోయడం మొదలైంది. ఆ ఏడు పదో తరగతి పరీక్షలు వాయిదా పడీ పడీ జూన్‌లో రద్దయ్యాయి. ఈ పిల్ల అక్క ఆ బ్యాచి. పరీక్ష లేని పరీక్షల కాలంలో పెద్దది కుక్కర్ కేకు చేస్తుంటే చిన్నది గిన్నె నాకింది. అయిదేళ్లు తిరిగేసరికి పెద్దది కేకు ఊసే మరిచింది. నాకినది పట్టుకుంది.

ఊరి పేరులోనే ఇసుక ఉంది కదా, ఉప్పెందుకు అని అడిగాను. ఇసుకతోనే మొదలుపెట్టిందట. సముద్రపు ఇసుకలో గవ్వ పెంకుల ముక్కలు ఎంత జల్లించినా పోవు. వేడికి అవి టప్పున పగిలి ఎగిరి పిండిలో పడ్డాయి. ఇసుకని కడిగి ఆరబెట్టినా మొదటి వేడికి చేపల రేవు వాసన వదిలింది. "కేకు తింటే పంటి కింద గవ్వలు మామా" అంది. దాంతో ఇసుక పారబోసి, ఇంట్లో గోనెల కొద్దీ ఉన్న దాని మీద పడింది. మా బావ ఉప్పు మళ్లు కౌలుకి చేస్తాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఉప్పంతా ఒకటే అనుకునేవాళ్లం మనం. మడి చేసేవాడికి అట్లా కాదు. సముద్రపు నీరు హైడ్రోమీటరు మీద 3 డిగ్రీల దగ్గర మళ్లలోకి ఎక్కుతుంది. ఎండకీ గాలికీ చిక్కబడుతూ ఒక మడి నుంచి ఇంకో మడికి నడుస్తుంది. దారిలో, ఉప్పు కంటే ముందే, జిప్సం అడుగున పొరగా దిగిపోతుంది. 25 డిగ్రీల దగ్గర ఉప్పు రాలడం మొదలవుతుంది. 29, 30 దాటిందా, మిగిలిన నీళ్లలో మెగ్నీషియం లవణాలు ముదిరాయన్నమాట. ఇంకా ఆశపడి ఉంచితే ఉప్పు చేదెక్కుతుంది. ఆ చేదు నీళ్లని ఎప్పుడు వదలాలో తెలియడమే మడి పని. గాలిలో తేమని లాగి ఉప్పుని చెమర్చేలా చేసేదీ ఆ మెగ్నీషియమే. అందుకని పిల్ల కొత్తగా తీసిన ఉప్పు ముట్టుకోదు. పోయినేటి గుట్టలోంచి, ఒక వాన తిని ఎండిన ఉప్పు అడిగి తెచ్చుకుంటుంది. వానకి పైపైన చేదు కడుక్కుపోయి ఉంటుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నాను. తనకి వాళ్ల నాన్న గుట్ట పక్కన నిలబడి చెప్పాడు.

అయినా ప్రతి ఉప్పురాయి కడుపులోనూ మడినీళ్లు చుక్కో అరచుక్కో చిక్కుకునే ఉంటాయి. రాయి పెరిగేటప్పుడు లోపల పడిపోయిన నీరు అది. వేడికి ఆ నీరు ఆవిరై, దారి లేక, రాయిని పగలగొట్టుకుని బయటపడుతుంది. ఆ చప్పుడే నేను విన్నది. చప్పుడు ఆగిందంటే రెండు సంగతులు తెలిసినట్టు. పరుపులో తడి లేదు, పరుపంతా సమంగా కాగింది. థర్మామీటరు లేని ఇంట్లో చెవిని థర్మామీటరు చేసుకోవడం ఇది. ఎవరు నేర్పారని అడిగితే భుజాలెగరేసింది. మూడో కేకుకి తనంతట తనే పట్టిందట. చిటపటలుండగా గిన్నె దించిన రోజున కేకు అడుగు పచ్చిగా, ఉప్పటి ఆవిరి కొట్టి వచ్చింది. ఆగాక దించిన రోజున బాగా వచ్చింది. రెండు రోజుల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది, అంతే.

ఉప్పు పరుపు మీద మూడు కాళ్ల ఇనుప స్టాండు. గిన్నె ఉప్పుకి తగలకూడదు, పక్కలకి తగలకూడదు. చుట్టూ బొటనవేలు పట్టేంత సందు వదులుతుంది. ఆ సందులో తిరిగే గాలే కేకుని కాలుస్తుంది, మంట కాదు. డేక్సా కూడా ఆలోచించి ఎంచుకున్నదే. రబ్బరు, విజిలు తీసేసినా కుక్కరు ఖాళీగా కాలడం మంచిది కాదని, ఒకప్పుడు పెళ్లి బిర్యానీలకి వాడిన మందపాటి సత్తుది అటక మీద నుంచి దింపింది. పని కాగానే ఉప్పు చల్లారనిచ్చి బిస్కెట్ల రేకు డబ్బాలోకి ఎత్తేస్తుంది. డేక్సాలో వదిలేస్తే రాత్రి తేమకి ఉప్పు చెమర్చి సత్తుని గుంటలు గుంటలుగా తినేస్తుంది. వాళ్ల నాయనమ్మకి ఆ సంగతి తెలుసు. డబ్బా మూత పడ్డ చప్పుడు వినేదాకా ఆవిడ పడుకోదు.

గిన్నె అడుగున, చుట్టూ వేసే కాగితం చూసి నవ్వొచ్చింది. పుస్తకాలకి అట్టలేసే బ్రౌన్ పేపరు. జూన్‌లో కొన్న చుట్టలో మిగిలింది. గుండ్రంగా కత్తిరించి, నూనె రాసి, అంచులకి విడిగా ఒక పట్టీ పెడుతుంది. ఆ పట్టీ అంచులు కలిసే చోట ముడత లేకుండా గోటితో గీస్తుంది, లెక్కల నోటుకి అట్ట వేసినట్టే.

ఇక పిండి. మైదా 150 గ్రాములు, పంచదార 120, వెన్న 80, గుడ్లు రెండు, రెండ్రోజుల పుల్ల పెరుగు ఒక టీ గ్లాసు, వంట సోడా పావు చెంచా, చిటికెడు ఉప్పు. సామాను ఎవరైనా కలుపుతారు. కలపడానికి ఈ పిల్ల ఎంచుకున్న వేళని చూడండి. మార్చి మధ్యాహ్నం నెల్లూరులో 35 డిగ్రీలు దాటడం మామూలే. వెన్న ఆ వేడికి నూనెలా జారిపోతుంది. జారిన వెన్నలో గాలి నిలవదు. వెన్న గట్టిగా, వేలు నొక్కితే గుంట పడేట్టు ఉన్నప్పుడే పంచదార పలుకుల అంచులు దాన్ని చీరుకుంటూ గాలి బుడగల్ని లోపల నాటుతాయి. తెల్లగా, బొంతలోంచి తీసిన దూదిలా అయ్యేదాకా గిలకొట్టాలి. కరెంటు బీటరు లేదు, గరిటె, చెయ్యి. ఈ తీరంలో వెన్న అట్లా మాట వినేది తెల్లవారుజామునే. పదో తరగతి పిల్లల్ని లేపి కూర్చోబెట్టేదీ ఆ వేళకే. రెండూ ఒక చోట కలిశాయి.

అంతకు ముందు వెన్నని దాచడానికి ఒక ప్రయత్నం జరిగింది. ఈ చుట్టుపక్కల రొయ్యల గుంటలకి కొదవ లేదు, థర్మోకోల్ పెట్టెలకీ కొదవ లేదు. ఒకటి కడిగి, ఐసు ముక్కలేసి, వెన్న అందులో పెట్టింది. ఆ రోజు కేకుని ఇంట్లో పిల్లి ఒక్కటే ఇష్టంగా తిన్నది.

గిలకొట్టే సేపుని గడియారంతో కొలవదు. సాంఘిక శాస్త్రంలో ఎనిమిది మార్కుల జవాబులు రెండు పైకి అప్పజెప్పుకునేంత సేపు. అప్పజెబుతూ ఎక్కడైనా ఆగితే గరిటె కూడా ఆగుతుంది. గుర్తొస్తే మళ్లీ తిరుగుతుంది. వాళ్లమ్మ వంటింట్లోంచి గరిటె చప్పుడు విని చదువు ఎట్లా సాగుతోందో కనిపెడుతుంది. ఆ ఇంట్లో ఇన్ని సంగతులు చెవితో తెలుస్తాయి.

ఇంతసేపు ఎందుకు, సోడా ఉంది కదా పొంగించడానికి అని నేను అన్నాను. అది నా అజ్ఞానం. సోడా కొత్త బుడగ ఒక్కటి కూడా పుట్టించదు. చెయ్యి పెట్టిన బుడగల్ని ఊదుతుంది, అంతే. గిలకొట్టని పిండిలో సోడా వేస్తే గాలి కొన్ని పెద్ద గుంటల్లో చేరి పైకి తన్నుకుపోతుంది. గిలకొట్టిన పిండిలో కొన్ని వేల కంటికానని అరల్లో సర్దుకుంటుంది. లెక్క వేసి చూశాను. పావు చెంచా సోడా అంటే ఒకటింబావు గ్రాము. అది పెరుగులోని పులుపుతో పూర్తిగా కలిస్తే వచ్చే బొగ్గుపులుసు వాయువు దాదాపు మూడో వంతు లీటరు. డేక్సా వేడికి అదే అర లీటరు దాకా ఉబ్బుతుంది. కొంత ఎగిరిపోతుంది, నిజమే. అయినా గోరంత తెల్ల పొడికి అంత ఊపిరి! అందుకే పుల్ల పెరుగు, సోడా కలిపాక ఇంక కబుర్లుండవు. గిన్నె డేక్సాలోకి దిగాల్సిందే. ఉప్పు చప్పుడు ఆగాక గానీ పెరుగు కలపదు కనుక, రెండు పనుల మధ్య ఖాళీ ఉండదు.

సోడా దగ్గరే ఈ పిల్లని నేను మెచ్చుకున్నది. 1843లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల కొట్టాయన, భార్యకి గుడ్డూ ఈస్టూ పడవని, సోడాకి ఒక ఆమ్లం జతచేసి బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. అప్పటి నుంచి ప్రపంచం దాన్ని డబ్బాలో కొనుక్కుంటోంది. పదో తరగతి 'ఆమ్లాలు, క్షారాలు, లవణాలు' పాఠంలో కూడా అది ఉంది. ఒట్టి సోడా వేస్తే వేడికి సోడియం కార్బొనేట్ మిగిలి కేకు చేదెక్కుతుంది, దాన్ని విరగ్గొట్టడానికి టార్టారిక్ ఆమ్లం కావాలి. ఈ పిల్ల మొదట చేసిన కేకులో చెంచా నిండా సోడా వేసింది. పైగా బేకరీ కేకులా పచ్చగా రావాలని చిటికెడు పసుపు కలిపింది. మూత తీస్తే కేకు మీద ఇటుకరంగు మచ్చలు. రుచి బట్టల సబ్బు. ఇంకొకరైతే పారేసి ఊరుకునేవాళ్లే. ఇది మచ్చల్ని చూసి పాఠం తిరగేసింది. పసుపు క్షారంలో ఎర్రబడుతుందన్నది అదే పాఠంలో ఉంది.

అప్పటి నుంచి ప్రతి కేకుకీ ముందు ఒక పరీక్ష పెడుతుంది. పెరుగు పులుపు రోజుకో తీరుగా ఉంటుంది కదా. ఒక గరిటెడు పిండికి తగ్గట్టు పెరుగూ సోడా విడిగా కలిపి, రవ్వంత పసుపు వేసి, గుంతపొంగణాల పెనం మీద ఒక గుంతలో పోసి కాలుస్తుంది. తుంచి చూస్తే లోపల పచ్చగా ఉంటే సరే. ఎరుపు తిరిగితే పెరుగు ఇంకో రెండు చెంచాలు. ఆ ఒక్క పొంగణం మీద అసలు కేకు కొలత తేలుతుంది. ప్రయోగశాలలో బ్యూరెట్టు పెట్టి చేసే పని అది. ఇక్కడ గుంతపొంగణాల పెనం మీద జరిగిపోతోంది. పరీక్ష పొంగణం తినే హక్కు నాయనమ్మది. పచ్చదైనా ఎర్రదైనా ఆవిడ ఒకే మాట అంటుంది: "బో బాగుండాది."

గిన్నె దింపి మూత పెట్టాక పొయ్యి సిమ్ములో. రెండో పొయ్యి మీద ఇనుప అట్ల పెనం ఎర్రగా కాదు గానీ, నీళ్లు చిలకరిస్తే గుండ్రంగా పరిగెత్తేంత కాల్చి, డేక్సా మూత మీద బోర్లిస్తుంది. పెనం చల్లబడితే మళ్లీ కాల్చి మళ్లీ పెడుతుంది. ఒక కేకుకి మూడుసార్లు. ఇది పై రంగు కోసం అనుకున్నాను. సగమే నిజం. మూత చల్లగా ఉంటే లోపలి ఆవిరి దానికి తగిలి చుక్కలై కేకు మీద కారుతుంది. చుక్క పడిన చోటల్లా జిగట గుంట. మూత వేడిగా ఉంటే చుక్క కట్టదు. ఒక పెనంతో రెండు పనులు. దమ్ము బిర్యానీ మూత మీద నిప్పులు పోసే చేతులకి ఇది కొత్తేమీ కాదు, నిజమే. కానీ బిర్యానీ చూసి కేకుకి తేవడానికి ఒక మనసు కావాలి కదా.

ముప్పావుగంట దాకా మూత తియ్యదు. లోపల గుడ్డూ మైదా గట్టిపడే లోపు చల్లగాలి తగిలితే బుడగలు ముడుచుకుని కేకు నడుం విరిగినట్టు కూలుతుంది. వాసన మారేదాకా ఆగాలి. ముందు గుడ్డు వాసన, తర్వాత వెన్న, చివర పంచదార కాగిన వాసన. మూడోది వచ్చాక కడిగిన కొబ్బరి ఈనె గుచ్చి చూస్తుంది. ఈనెకి ఏమీ అంటకపోతే దించి, పది నిమిషాలాగి, వెదురు చాట మీద బోర్లిస్తుంది. పళ్లెంలో బోర్లిస్తే అడుగున చెమట పడుతుందని చాట.

నేను చూసిన వాటిలో మంచిది ఆరో కేకు. చాకు పెడితే పొడి రాలలేదు. ముక్క పక్కకి తిప్పి వెలుతురులో చూశాను. అరలన్నీ దాదాపు ఒకటే పరిమాణం, ఆవగింజ కంటే చిన్నవి, పై నుంచి కింద దాకా. వేలితో నొక్కి వదిలితే తిరిగి లేచింది. పెరుగు పులుపు నాలుక చివర ఉందా లేదా అన్నట్టు ఉంది. లోపాలు లేవనను. అడుగు అంచు గోరు మందాన నల్లబడింది. పై రంగు ఎంత పెనం పెట్టినా బేకరీ బంగారం కాలేదు. లేత గోధుమ దగ్గరే ఆగింది. తీపి నా వయసుకి ఎక్కువ. బిస్కెట్లు కూడా చేసింది గానీ వాటి గురించి చెప్పడానికేమీ లేదు. సాయంత్రానికి సముద్రపు గాలికి మెత్తబడి అప్పచ్చులయ్యాయి. "ఈ గాలిలో బిస్కత్తు నిలవదు" అని ఒక్కసారితో వదిలేసింది. ఎప్పుడు వదలాలో తెలియడం వాళ్ల నాన్న దగ్గర నుంచి వచ్చినట్టుంది.

లెక్కల పరీక్ష ముందు రోజు పక్కింటి పెద్దావిడ ముక్క తీసుకుని, ఇదీ చదువు రొట్టెనే కదా అంది. నెల్లూరులో మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. చదువు కావాల్సినవాళ్లు చదువు రొట్టె పడతారు, కోరిక తీరితే మరుసటేడు అదే పేరు రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. హిందువులూ ముస్లిములూ మోకాలి లోతు నీళ్లలో ఒకరి చేతిలోది ఒకరు అందుకుంటారు. మా పిల్ల ఆ మాటకి కాస్త కంగారుపడింది. "అయితే నేను ఇయ్యకూడదు పెద్దమ్మా, పట్టుకోవాల్సిందాన్ని గదా" అని, ఆవిడ ఇంట్లోంచి రొట్టె ముక్క ఒకటి తెప్పించుకుని తిన్నాక గానీ కేకు పళ్లెం చేతికివ్వలేదు.

ఫిజికల్ సైన్స్ రోజు సెంటరు గేటు బయట నిలబడ్డాను. పదకొండున్నరకి గుంపులో వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. బండెక్కి, పరీక్ష అట్టతో ఎండ అడ్డం పెట్టుకుని కూర్చుంది. రొయ్యల గుంటలు దాటి, ఉప్పు మళ్లు మొదలయ్యే దాకా మాట్లాడలేదు. సోడా ప్రశ్న వచ్చిందా అని నేనే అడిగాను.

"రాలా. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అడిగాడు. ఆ పాఠంలో కేకులో ఎయ్యనిది అదొక్కటే మామా."

తర్వాత మళ్ల వైపు చెయ్యి చూపించి, ఉప్పుకంటే ముందు దిగే ఆ తెల్ల పొర నుంచే కదా అది వచ్చేది, వేడి 100 డిగ్రీలు చాలు, ఉప్పు చప్పుడు ఆగేంత కూడా అక్కర్లా, అంది. జవాబు బాగా రాసినట్టే అనుకున్నాను. జిప్సంని డేక్సాలో పెట్టమాకని చెప్పాలనిపించింది గానీ, చెబితే ఆలోచన ఇచ్చినవాణ్ని అవుతానని ఊరుకున్నాను.

ఆఖరి పేపరు అయిన మర్నాడు నేను నెల్లూరికి బయల్దేరుతుంటే మా బావ పెరట్లో కొబ్బరి మొక్కకి గుంత తీశాడు. గుంత అడుగున ఉప్పు వెయ్యడం ఆ ఊళ్లో ఆనవాయితీ. నాయనమ్మ బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీసింది. రెండు వారాల కాల్పులకి ఉప్పు బూడిదరంగు తిరిగి, రాళ్లన్నీ పగిలి రవ్వలా ఉంది. పిల్ల పరిగెత్తుకొచ్చింది. గుంతలోకి వంపుతున్న చెయ్యి పట్టుకుని, "సగం ఉంచు జేజీ, ఇంటర్‌కి కావాల" అంది.